ఒకే బాక్స్‌లో రెండుసార్లు: క్వాంటస్ 72 కేసు, కాస్మిక్ కిరణం మీద అనుమానం

విమానాల్లో వాడే కంప్యూటర్ బాక్సులకి సేఫ్టీ అనాలసిస్ చెయ్యడం నా పని. ఒక బాక్స్ ఎన్ని రకాలుగా పాడవ్వొచ్చు, పాడైతే విమానానికి ఏమవుతుంది, ఆ అవకాశం ఎంత అని లెక్కగట్టి కాగితం మీద పెడతాం. ఈమధ్య కాలంలో ఆ కాగితాల్లో ఒక వరస తప్పనిసరి అయిపోయింది: పైనుంచి వచ్చే రేడియేషన్ వల్ల మెమరీలో బిట్ తారుమారైతే ఏమిటి? టీమ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలకి ఈ వరస అర్థం కావడానికి నేను ఎప్పుడూ ఒకే కేసు చెబుతాను. అది 2008 నాటి క్వాంటస్ ఫ్లైట్ 72.

చాలామంది దీన్ని "కాస్మిక్ కిరణం విమానాన్ని కిందికి నెట్టిన కేసు" అని విని ఉంటారు. వచ్చిన పిల్లలు కూడా అదే మాటతో వస్తారు. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ ఏటీఎస్‌బీ మూడేళ్లకు పైగా తవ్వి 2011 డిసెంబర్‌లో తుది రిపోర్టు ఇచ్చింది. అందులో ఆ మాట లేదు. కాస్మిక్ కిరణం అనుమానితుల్లో ఒకటిగా ఉంది, అంతే. రిపోర్టు చదివిన కొద్దీ నాకు ఆ అనుమానం మీద ఇంకా అనుమానం పెరిగింది. ఎందుకో వివరంగా చెబుతాను.

ఆ మధ్యాహ్నం

2008 అక్టోబర్ 7. ఎయిర్‌బస్ ఏ330 విమానం, రిజిస్ట్రేషన్ వీహెచ్-క్యూపీఏ, సింగపూర్ నుంచి పెర్త్‌కి వెళ్తోంది. లోపల 303 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది. ఎత్తు 37,000 అడుగులు. కుదుపుల్లేవు. సీటు బెల్టు లైటు ఆపేసి ఉంది.

పశ్చిమ ఆస్ట్రేలియా టైమ్ ప్రకారం 12:40:26కి, విమానంలో వేగం, ఎత్తు వంటివి కొలిచే మూడు అడిరూ యూనిట్లలో ఒకటో నంబరుది ఉండుండి తప్పు విలువలు పంపడం మొదలుపెట్టింది. రెండు సెకన్లలో ఆటోపైలట్ దానంతటదే ఊడిపోయింది. కెప్టెన్ కెవిన్ సల్లివాన్ విమానాన్ని చేతిలోకి తీసుకున్నారు. కాక్‌పిట్‌లో స్టాల్ వార్నింగ్, ఓవర్‌స్పీడ్ వార్నింగ్ రెండూ మోగుతున్నాయి. రెక్కలు పట్టు తప్పబోతున్నాయని ఒకటి, వేగం మితిమీరిందని ఇంకొకటి. రెండూ ఒకేసారి నిజమవడం మామూలుగా జరగదు కాబట్టి, ఏదో అబద్ధం చెబుతోందని పైలట్లకి అప్పుడే అర్థమైంది. ఏది అబద్ధమో తేల్చుకునే టైమ్ దొరకలేదు.

12:42:27కి విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి వంగింది. పైలట్లు ఎవరూ అలా కమాండ్ ఇవ్వలేదు. కెప్టెన్ స్టిక్ వెనక్కి లాగితే మొదటి క్షణాల్లో పలకలేదు. ముక్కు 8.4 డిగ్రీలు దిగింది, క్యాబిన్‌లో గురుత్వం మైనస్ 0.8 జీకి పోయింది. అంటే నిలబడ్డవాళ్లూ, బెల్టు పెట్టుకోనివాళ్లూ సీలింగ్ వైపు "పడ్డారు". 650 అడుగులు దిగాక విమానం అదుపులోకి వచ్చింది. ఊపిరి పీల్చుకునేలోపు, 12:45:08కి మళ్లీ అదే. ఈసారి 3.5 డిగ్రీలు, 400 అడుగులు.

సిబ్బంది మేడే ప్రకటించి, 13:32కి లియర్‌మంత్ ఎయిర్‌పోర్టులో దింపారు. అది పెర్త్‌కి వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉత్తరాన, ఎక్స్‌మౌత్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్న ఎయిర్‌ఫోర్స్ స్థావరం. కనీసం 110 మంది ప్రయాణికులకి, 9 మంది సిబ్బందికి గాయాలయ్యాయి. 12 మందికి తీవ్రంగా తగిలాయి, ఇంకో 39 మందికి ఆసుపత్రిలో వైద్యం అవసరమైంది.

సీట్లలో కూర్చుని ఉండి కూడా బెల్టు పెట్టుకోనివాళ్లు 60 మందికి పైనే ఉన్నారని రిపోర్టు లెక్క తేల్చింది. ఇది చదివాక విమానంలో బెల్టు విషయంలో మా ఇంట్లోవాళ్లని నేను పెట్టే నస అంతా ఇంతా కాదు. లైటు ఆరినా తియ్యనివ్వను. బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక కూడా గుర్తుచేస్తాను. మా అమ్మాయి విసుక్కుంటుంది, విసుక్కోనీ.

కారం డబ్బా మీద పసుపు చీటీ

అడిరూ అంటే విమానం వేగం, ఎత్తు, వాలు, గాలి ఎదురొచ్చే కోణం వంటివి కొలిచి మిగతా కంప్యూటర్లకి పంపే యూనిట్. ఈ విమానంలోది నార్త్‌రప్ గ్రమ్మన్ తయారీ ఎల్‌టీఎన్-101. మూడు ఉంటాయి. ఒక్కొక్కటీ తన కొలతల్ని 32 బిట్ల మాటలుగా తీగ మీద పంపుతూ పోతుంది. ప్రతి మాటలో 8 బిట్లు లేబుల్, అంటే "ఇది ఎత్తు", "ఇది వేగం" అని చెప్పే చీటీ. మిగతాది కొలత, అది నమ్మొచ్చా లేదా చెప్పే స్టేటస్ బిట్లు, చివర పారిటీ, అంటే దారిలో మాట చెడిందేమో చూసే బిట్.

ఆ రోజు ఒకటో అడిరూ చేసిన తప్పు విచిత్రమైనది. కొలత సరైనదే, లేబుల్ వేరేది. వంటింట్లో కారం డబ్బాకి పసుపు అని చీటీ అంటించినట్టు. ఎత్తు చెప్పే అంకెల మీద "యాంగిల్ ఆఫ్ అటాక్", అంటే గాలి ఎదురొచ్చే కోణం, అనే చీటీ పడింది. ఈ కోణం క్రూజ్‌లో 2 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. 37,000 అడుగుల ఎత్తుకి వాడే బిట్ల వరసనే కోణం అనుకుని చదివితే 50 డిగ్రీల పైచిలుకు వస్తుంది. ఫ్లైట్ డేటా రికార్డర్‌లో కనిపించిన స్పైకులు, అంటే క్షణకాలం పైకి ఎగిసిన విలువలు, సరిగ్గా 50.6 డిగ్రీలు. దర్యాప్తులో ఈ లంకె పట్టుకున్నవాళ్లకి దండం పెట్టాలి. ఊరికే పిచ్చి అంకె అని వదిలేసే చోట, అది ఎవరి అంకో వెతికి పట్టుకున్నారు.

అసలు చిక్కు ఏమిటంటే, తప్పుడు మాటల్లో చాలావాటికి స్టేటస్ బిట్లు "డేటా మంచిదే" అని చెబుతున్నాయి. తీగ మీద శబ్దం వల్ల చెడిపోయిన మాట అయితే పారిటీ దగ్గర దొరికేది. ఇది యూనిట్ లోపల తయారయ్యేటప్పుడే చెడింది. బయటికి చక్కగా, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా వచ్చింది. యూనిట్‌లో ఉండే స్వీయ పరీక్ష కూడా దాన్ని పట్టుకోలేదు.

1.2 సెకన్లు

మూడు అడిరూలు ఉన్నప్పుడు ఒకటి అబద్ధం చెబితే ఏంటి, మిగతా రెండూ ఉన్నాయిగా? కొత్తవాళ్లు వేసే మొదటి ప్రశ్న ఇదే. ఏ330లో ఎలివేటర్లని, అంటే ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలకల్ని, నడిపే మూడు ప్రధాన కంప్యూటర్లకి, అంటే ప్రైమ్‌లకి, ఆ తనిఖీ ఉంది కూడా. మూడు కోణాల్నీ పోల్చి, ఒకటో అడిరూ, రెండో అడిరూ కోణాలు మధ్య విలువకి దూరంగా లేకపోతే ఆ రెంటి సగటు వాడుతుంది. ఏదైనా ఒకటి దూరంగా పోతే, ఆ క్షణం కొత్త అంకెలు మానేసి, అంతకుముందున్న మంచి విలువనే 1.2 సెకన్ల పాటు పట్టుకుని కూర్చుంటుంది. తేడా ఒక సెకను దాటి ఉంటే ఆ యూనిట్ కోణాన్ని ఆ ఫ్లైట్ అంతా పక్కన పెట్టేస్తుంది.

స్పైక్ ఒక్కటి వస్తే ఈ లాజిక్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. స్పైక్ వచ్చి నిలబడిపోయినా పనిచేస్తుంది. పొట్టి స్పైక్ ఒకటి వచ్చి పోయి, సరిగ్గా 1.2 సెకన్లు ముగిసే వేళకి ఇంకో స్పైక్ వచ్చి కూర్చుంటే? పట్టుకున్న విలువ వదిలేసే ఆ క్షణాన కంప్యూటర్ ఎదురుగా ఉన్న సగటుని తీసుకుంటుంది. 50.6, 2 కలిపి సగం చేస్తే 26 దాటుతుంది. ఆ కోణంలో ఏ విమానమైనా గాలిలో నిలబడలేదు. కాబట్టి ప్రైమ్ తనకి తెలిసిన మంచి పని చేసింది. హై యాంగిల్ ఆఫ్ అటాక్ ప్రొటెక్షన్ 4 డిగ్రీలు, పిచ్-అప్‌ని, అంటే ముక్కు దానంతటదే పైకి లేవడాన్ని, అడ్డుకునే కాంపెన్సేషన్ 6 డిగ్రీలు, మొత్తం 10 డిగ్రీల ఎలివేటర్‌ని ముక్కు కిందికి కొట్టింది.

ఆ ఫ్లైట్‌లో స్పైకులు డజన్ల కొద్దీ వచ్చాయి. రెండే రెండు జతలు ఆ కిటికీలో దూరాయి. రెండో కుదుపు తర్వాత ప్రైమ్‌లలో వరుస ఫాల్టులు పడి విమానం ఆల్టర్నేట్ లా అనే తక్కువ సహాయపు మోడ్‌లోకి పోయింది. ఆ మోడ్‌లో ఈ ప్రొటెక్షన్ ఉండదు కాబట్టి, స్పైకులు లియర్‌మంత్‌లో దిగేదాకా వస్తూనే ఉన్నా మూడో కుదుపు రాలేదు. కాపాడే ఫంక్షన్ పోయాకే ప్రయాణికులు క్షేమంగా ఉన్నారన్నది ఈ కేసులో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఏ330, ఏ340 విమానాలన్నీ కలిపి 2.8 కోట్ల గంటలు ఎగిరాక, ఈ లొసుగు వల్ల విమానం కిందికి వంగిన ఘటన ఇదొక్కటే. 1990ల మొదట్లో ఆ డిజైన్ రాసినవాళ్ల సేఫ్టీ అసెస్‌మెంట్‌లో అడిరూ పాడయ్యే రకాలు చాలానే ఉన్నాయి. ఒకే యూనిట్ నుంచి 1.2 సెకన్ల ఎడంలో వరుస స్పైకులు అన్నది మాత్రం లేదు. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ కుర్చీలో నేను ఉన్నా రాసి ఉండేవాణ్ణి కాదు.

అనుమానితుల వరస

ప్రైమ్ ఎందుకు అలా చేసిందో పూర్తిగా తేలిపోయింది. అడిరూ ఎందుకు చీటీలు మార్చింది అన్నదే తేలలేదు. యూనిట్‌ని విప్పి, వేడి పెట్టి, చలి పెట్టి, ఊపి, అన్ని రకాల టెస్టులూ చేశారు. ప్రతి టెస్టూ పాసైంది.

సాఫ్ట్‌వేర్ బగ్ అన్నారు. అదే సాఫ్ట్‌వేర్ వందల విమానాల్లో ఏళ్ల తరబడి నడుస్తోంది. విద్యుదయస్కాంత జోక్యం అన్నారు. ఎక్స్‌మౌత్ దగ్గర సబ్‌మెరైన్లతో మాట్లాడే హెరాల్డ్ ఈ. హోల్ట్ నేవీ రేడియో స్టేషన్ ఉంది, భారీ ట్రాన్స్‌మిటర్ అది. పేపర్లకి ఈ కథ బాగా నచ్చింది. దర్యాప్తులో ఆ అవకాశం చాలా తక్కువని తేల్చారు. ప్రయాణికుల ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు కూడా అంతే. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చివర మిగిలింది సింగిల్ ఈవెంట్ ఎఫెక్ట్. అది కారణమని చెప్పడానికి గానీ, కాదని చెప్పడానికి గానీ ఆధారాలు చాలవని ఏటీఎస్‌బీ రాసింది.

ఇక్కడ ఆ ఎఫెక్ట్ సంగతి కొంచెం చెప్పాలి. అంతరిక్షం నుంచి వచ్చే కణాలు, ఎక్కువగా ప్రోటాన్లు, వాతావరణం పైభాగంలో నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలని గుద్దుతాయి. అక్కణ్ణుంచి కణాల వాన మొదలవుతుంది. విమానం ఎగిరే ఎత్తులో మాకు తలనొప్పి తెచ్చేవి వాటిలో న్యూట్రాన్లు. వాటికి చార్జి లేదు. అల్యూమినియం బాడీ వాటికి అడ్డే కాదు, ఆపాలంటే మీటర్ల మందం కాంక్రీట్ కావాలి. న్యూట్రాన్ పోతూ పోతూ చిప్‌లోని సిలికాన్ కేంద్రకాన్ని గుద్దితే, విరిగిన ముక్కలు చుట్టూ చార్జిని చిమ్ముతాయి. అది మెమరీ సెల్‌లో ఉన్న చార్జి కంటే ఎక్కువైతే 0 కాస్తా 1 అవుతుంది. చిప్ కాలదు, పగలదు. పవర్ ఆపి మళ్లీ వేస్తే కొత్తదానిలా ఉంటుంది. అందుకే దీన్ని సాఫ్ట్ ఎర్రర్ అంటారు, అందుకే తర్వాత ఎన్ని టెస్టులు చేసినా ఏమీ దొరకదు.

నేల మీద, న్యూయార్క్ దగ్గర సముద్రమట్టంలో, 10 ఎంఈవీ శక్తి దాటిన న్యూట్రాన్లు ఒక చదరపు సెంటీమీటర్ మీద గంటకి సుమారు 13. 40,000 అడుగుల దగ్గర, 45 డిగ్రీల అక్షాంశంలో, మా పరిశ్రమ ప్రమాణం లెక్కకి తీసుకోమనే అంకె 6,000. ధృవాల వైపు పెరుగుతుంది. భూమధ్యరేఖ వైపు పలు రెట్లు తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కణాలని పక్కకి తోసేస్తుంది. ఈ విషయంలో మన హైదరాబాద్‌కి ఒక చిన్న ఘనత ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం ఈసీఐఎల్ దగ్గర ఉంది, దశాబ్దాలుగా అక్కడి నుంచి పరికరాలతో బెలూన్లు ఎగరేస్తున్నారు. భూ అయస్కాంత మధ్యరేఖకి దగ్గర కావడంతో ఇక్కడ కాస్మిక్ కణాల రొద తక్కువ, సన్నని ఎక్స్-రే సంకేతాలు స్పష్టంగా దొరుకుతాయి. శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్లే విమానానికి, ఉత్తర అట్లాంటిక్ దాటే విమానానికి ఈ లెక్కలో తేడా అందుకే.

నా లెక్క

ఇక నా వాదన. మెమరీ చిప్‌లో ఒక్కో బిట్ న్యూట్రాన్‌కి ఎంత "కనిపిస్తుంది" అన్నదానికి ఒక కొలత ఉంటుంది. ఎస్‌రామ్ అనే మెమరీలో పాత తరానికి 10 లక్షల కోట్లలో ఒక వంతు చదరపు సెంటీమీటర్, అంటే 10కి మైనస్ 13 ఘాతం, అని పెట్టుకుందాం. ఇది వాదన కోసం పెట్టుకున్న అంకె, ఆ యూనిట్‌లో కొలిచింది కాదు. యూనిట్‌లో ఒక మెగాబిట్ మెమరీ ఉందనుకుందాం. 6,000తో గుణిస్తే సుమారు 1,600 గంటలకి ఒక బిట్ ఫ్లిప్ వస్తుంది.

ఏటీఎస్‌బీ లెక్క ప్రకారం ఈ రకం అడిరూలు అప్పటికి మొత్తం 12.8 కోట్ల గంటలు పనిచేశాయి. నా రేటు వేస్తే అన్ని గంటల్లో 80,000 ఫ్లిప్పులు. దారులన్నీ 45 డిగ్రీల్లో ఉండవు, ఎత్తులూ అంతే ఉండవు, సరే, పదో వంతుకి దించండి. 8,000. స్పైకులు పంపే ఈ వింత జబ్బు మాత్రం అన్ని గంటల్లో మూడేసార్లు కనిపించింది. కాబట్టి "బిట్ తిరిగింది, విమానం పడింది" అనే సూటి కథ అతకదు. బిట్లు తిరగడం ఆకాశంలో రోజువారీ సంగతి, వాటిలో చాలావరకు వాడని చోట్ల పడతాయి, లేదా మరుసటి చక్రంలో కొత్త విలువ వచ్చి కప్పేస్తుంది. కణమే కారణమైతే, అది ఎంతో ప్రత్యేకమైన చోట, ప్రత్యేకమైన క్షణాన పడి ఉండాలి.

అలా పడొచ్చు, కాదనను. నన్ను ఆపేది వేరే సంగతి. ఆ మూడు ఘటనలు ఏవంటే: మొదటిది 2006 సెప్టెంబర్ 12న, హాంగ్‌కాంగ్ నుంచి పెర్త్ వెళ్తుండగా. రెండోది మనం చెప్పుకుంటున్నది. మూడోది 2008 డిసెంబర్ 27న, పెర్త్ నుంచి సింగపూర్ వెళ్తున్న ఇంకో ఏ330లో. విమానం కిందికి వంగింది రెండోసారి మాత్రమే. మొదటి ఘటన జరిగింది ఇదే వీహెచ్-క్యూపీఏలో. అందులో ఇదే యూనిట్‌లో, సీరియల్ నంబరు 4167.

కాస్మిక్ కణానికి సీరియల్ నంబర్లు తెలియవు. ఒక్కో యూనిట్ సగటున 50,000 గంటలు తిరిగిందనుకున్నా, 12.8 కోట్ల గంటలంటే 2,500కి పైగా యూనిట్లు. వాటి మీద మూడు రాళ్లు గుడ్డిగా విసిరితే, అందులో రెండు ఒకేదానికి తగిలే అవకాశం వెయ్యికి ఒకటి చుట్టుపక్కల. పైగా మూడూ ఒకే సంస్థ విమానాల్లో. 2008లో సూర్యుడు కూడా బాగా ప్రశాంతంగా ఉన్నాడు, సౌర తుఫాను మీద నెట్టేసే వీలూ లేదు. నా ఉద్దేశంలో ఆ యూనిట్‌లో ఏదో సన్నని బలహీనత ఉంది, టైమింగ్‌లో అంచున నడిచే చిప్పో, మరేదో. దాన్ని కదిపింది కణం కావచ్చు, వేరేది కావచ్చు. ఇది నా అభిప్రాయమే, రిపోర్టు అంత దూరం వెళ్లలేదు, ఆధారం లేనప్పుడు వెళ్లకూడదు కూడా.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి ఉంది. 2003లో బెల్జియంలో స్కార్‌బేక్ అనే చోట ఎన్నికల యంత్రం ఒక అభ్యర్థికి సరిగ్గా 4,096 ఓట్లు ఎక్కువ ఇచ్చింది. 4,096 అంటే 2కి 12 ఘాతం. ఒక్క బిట్ తిరిగితే వచ్చే తేడా అచ్చంగా అది. అక్కడ బిట్ ఫ్లిప్ అని అనుమానించడానికి వేలిముద్ర లాంటిది ఉంది. క్వాంటస్ కేసులో మారింది ఒక బిట్ కాదు, చీటీలూ కొలతలూ జతలు తప్పుతూ పోయాయి, యాభై నిమిషాలకు పైగా. అలాంటి ముద్ర ఏదీ మిగల్లేదు.

నేను ఇంత పట్టుబట్టడానికి సొంత అనుభవం ఒకటి ఉంది. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒకచోట, ఒక డిస్‌ప్లే కంప్యూటర్ మూడుసార్లు విమానం నుంచి తిరిగొచ్చింది. గాల్లో రీసెట్ అవుతుంది, బెంచ్ మీద పెడితే సుబ్బరంగా ఉంటుంది. మూడుసార్లూ "నో ఫాల్ట్ ఫౌండ్" ట్యాగ్ కట్టి పంపాం. మూడోసారి రిపోర్టులో కారణం గడిలో మావాడు ఒకడు "బహుశా రేడియేషన్ వల్ల బిట్ ఫ్లిప్" అని రాశాడు. నేను సంతకం పెట్టాను. నాలుగోసారి వచ్చినప్పుడు ఒక పెద్దాయన, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న టెక్నీషియన్, బోర్డుని చన్నీళ్లలో పెట్టినంత చల్లగా చేసి, వెంటనే వేడి చేసి, కనెక్టర్ పక్కన పెన్నుతో మెల్లగా తట్టాడు. రీసెట్ అయింది. సోల్డర్ అతుకులో వెంట్రుకంత పగులు. "సార్, ఆకాశం మీద కేసు పెట్టేముందు అతుకులు చూడండి" అన్నాడు. ఆ రోజు పడ్డ సిగ్గు ఇంకా పోలేదు. రేడియేషన్ అనే మాటకి ఒక సౌకర్యం ఉంది. అది రాసేస్తే ఎవరి తప్పూ ఉండదు, ఫైలు మూసెయ్యొచ్చు.

తర్వాత ఏం మార్చారు

కారణం తేలకపోయినా చెయ్యాల్సిన పనులు ఆగలేదు. కేసులో నాకు నచ్చే భాగం ఇదే. ఎయిర్‌బస్ నెల తిరక్కుండానే పైలట్లకి ఒక విధానం ఇచ్చింది: ఇలాంటి లక్షణాలు కనబడితే ఆ యూనిట్‌ని స్విచాఫ్ చెయ్యండి అని. డిసెంబర్ 27న మూడో ఘటనలో పైలట్లు అదే చేశారు, విమానం కిందికి వంగలేదు, వెనక్కి తిప్పి పెర్త్‌లో దించారు. కాకపోతే బటన్లు నొక్కాక కూడా యూనిట్ పూర్తిగా నోరు మూయలేదని అప్పుడే బయటపడింది. దాంతో 2009 జనవరిలో విధానం మార్చి, రోటరీ సెలెక్టర్‌ని ఆఫ్‌కి తిప్పి పవరే తీసెయ్యమన్నారు. ఆ తర్వాత ప్రైమ్ సాఫ్ట్‌వేర్‌లో కోణం లెక్కించే లాజిక్‌నే మార్చారు. ఇక ఏ అడిరూ ఎన్ని స్పైకులు ఎంత ఎడంతో పంపినా ఆ 1.2 సెకన్ల కిటికీ లేదు. స్పైక్ కణం వల్ల వచ్చిందా, అతుకు వల్ల వచ్చిందా అన్నదానితో ఈ మార్పుకి పనే లేదు.

రేడియేషన్ విషయంలో మాత్రం ఏటీఎస్‌బీ ఒక గట్టి మాట రాసింది. అప్పటికి విమాన సర్టిఫికేషన్‌లో సింగిల్ ఈవెంట్ ఎఫెక్ట్‌కి ప్రత్యేకమైన నిబంధనలే లేవని, డిజైనర్లకి పద్ధతి ప్రకారం మార్గదర్శకాలు కూడా ఈమధ్యే వచ్చాయని. అది చదివినప్పుడు ఆశ్చర్యపడ్డాను, ఎందుకంటే విమానాల్లో మెమరీ బిట్లు తిరుగుతున్నాయని బోయింగ్, ఐబీఎం మనుషులు మిలిటరీ విమానాల్లో కొలిచి చూపించింది 1990ల మొదట్లోనే. యూరప్ నియంత్రణ సంస్థ ఈఏఎస్‌ఏ దీనిమీద సర్టిఫికేషన్ మెమోరాండం ఇచ్చేసరికి 2018 అయింది. ఇప్పుడు మేం చేసేదంతా దాని చుట్టూనే. మెమరీకి ఎడాక్ పెడతాం, అంటే ఒక బిట్ తప్పితే సరిచేసి, రెండు తప్పితే పట్టుకునే అదనపు బిట్లు. ఎవరూ చదవకుండా మూలన పడున్న మెమరీలో తప్పులు పేరుకోకుండా వెనకాల స్క్రబ్బింగ్ నడుపుతాం, అంటే అప్పుడప్పుడూ చదివి సరిచేస్తూ ఉంటాం. ఎఫ్‌పీజీఏలో, అంటే లోపలి సర్క్యూట్‌ని మనమే అమర్చుకునే చిప్‌లో, ముఖ్యమైన లాజిక్‌ని మూడుసార్లు పెట్టి ఓటింగ్ చేయిస్తాం. అనుమానం ఉన్న చిప్‌ని లాస్ అలమోస్ వంటి చోట న్యూట్రాన్ బీమ్ కింద పెట్టిస్తాం. అక్కడ ఒక గంట అంటే విమానంలో లక్షల గంటలతో సమానం. బీమ్ టైమ్ దొరకడం తిరుపతిలో దర్శనం టోకెన్ కంటే కష్టం, ఆ టెన్షన్ వేరే.

మళ్లీ 2025లో

2025 అక్టోబర్ 30న జెట్‌బ్లూ ఏ320 ఒకటి మెక్సికోలోని కాన్‌కున్ నుంచి నెవార్క్ వెళ్తూ ఉన్నట్టుండి ముక్కు కిందికి వంచింది. టాంపాలో దించి, గాయపడ్డవాళ్లని ఆసుపత్రికి పంపారు. నవంబర్ 28న ఎయిర్‌బస్ చేసిన ప్రకటనలో, తీవ్రమైన సౌర రేడియేషన్ వల్ల ఫ్లైట్ కంట్రోల్స్‌కి ముఖ్యమైన డేటా పాడవ్వొచ్చని ఉంది. ఈసారి వేలు చూపించింది ఎలాక్ అనే కంప్యూటర్ మీద, అందులోని కొత్త సాఫ్ట్‌వేర్ వెర్షన్ మీద. ప్రపంచం మొత్తం మీద సుమారు 6,000 విమానాలకి పని పడింది. మన దేశంలోనే మూడొందలకు పైగా. చాలావాటికి పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తే సరిపోయింది, విమానానికి రెండు మూడు గంటల పని. ఆ శని, ఆదివారాలు నాకు తెలిసిన లైన్ మెయింటెనెన్స్ వాళ్లెవరూ ఇంటికి పోలేదు.

ఆ రెండు రోజులూ నాకూ ఫోన్లే ఫోన్లు. "సూర్యుడు విమానాల్ని పడేస్తున్నాడటగా బాబాయ్?" అని మా అన్నయ్య కొడుకు. పాత వెర్షన్ ఎక్కిస్తే సరిపోతోందంటే సూర్యుడి కంటే సాఫ్ట్‌వేర్‌లో ఏం తీసేశారో, ఏం మార్చారో అది చూడాలి కదరా అన్నాను. కణాలు పాత వెర్షన్ మీదా పడుతూనే ఉన్నాయి. అది తట్టుకుంది. పైగా అక్టోబర్ 30న నేల మీది మానిటర్లకి అందేంత సౌర కణాల పోటు ఏదీ నమోదు కాలేదు. అలాంటిది వచ్చింది నవంబర్ 11న.

జెట్‌బ్లూ కేసు పూర్తి రిపోర్టు చేతికొస్తే నేను మొదట వెతికేది రేడియేషన్ అధ్యాయం కాదు. ఆ ఎలాక్ యూనిట్ సీరియల్ నంబరు, దాని పాత మెయింటెనెన్స్ రికార్డు. అందులో ఎక్కడైనా "నో ఫాల్ట్ ఫౌండ్" అని ఉందేమో చూస్తాను.